కొండ లేని సీమలో కొండముచ్చు

కోనసీమలోని అంబాజీపేట చుట్టూ ఎటు చూసినా కొబ్బరితోటలే, కొండ మాత్రం కనబడదు. గోదావరి పాయలు మోసుకొచ్చి పరిచిన ఒండ్రు మీద పుట్టిన సీమ ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల నీళ్లతో పచ్చబడ్డ సీమ. కొండముచ్చుది ఏ ఊరో దాని పేరే చెబుతుంది. తెలంగాణవాళ్లు కొండెంగ అన్నా అందులోనూ కొండే ఉంది. అందుకే ఇలాంటి పల్లపు నేలలో ఒంటి గండు కొండముచ్చు ఏ కొబ్బరిచెట్టు మీదో కనబడితే మనకు రెండే మాటలు తోస్తాయి: పాపం తప్పిపోయింది, లేదా మంద వెళ్లగొట్టింది. ఈ మాటలు అడవిలోంచి వచ్చినవి కావు, మన ఇళ్లలోంచి వచ్చినవని నా వాదన.

మన ఇళ్లలో పుట్టిల్లు వదిలేది కూతురు. కొడుకు ఇంటిని నిలబెట్టేవాడు. ఇల్లరికం వెళ్లినవాణ్ణి ఊరు చులకనగానే చూసింది. బ్రిటిష్ కాలంలో గోదావరి జిల్లాల మగవాళ్లు వేలమంది రంగూన్ వెళ్లి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్లకు కోరంగీలన్న పేరు పడింది. సముద్రం దాటినా వాళ్లు పుట్టినింటి మనుషులే, ఎప్పటికైనా తిరిగి రావలసినవాళ్లే. మగపిల్లవాడు ఇల్లు వదిలాడంటే బతుకుతెరువో, తగవో, శిక్షో ఉండాలి. రామాయణాన్నీ మనం ఈ కంటితోనే చదివాం. వాలి తరిమితే సుగ్రీవుడు కొద్దిమంది తోడుతో ఋశ్యమూకం చేరాడు; మళ్లీ వచ్చి కిష్కింధనూ తారనూ పొందాడు. ఇంతవరకు కథ కొండముచ్చుల బతుక్కి ఆశ్చర్యం కలిగేంత దగ్గరగా నడిచింది. అంగదుడి దగ్గరే దారి చీలింది. తండ్రి పోయినా అతడు తల్లి దగ్గరే ఉండి యువరాజయ్యాడు. అది మనుషుల ధర్మం. కొత్త గండు వచ్చిన కొండముచ్చుల మందలో అంగదుడికి చోటు దొరకడం కష్టం.

ఈ సంగతి పండితులకు తెలియడానికీ కాలం పట్టింది. 1958-60 మధ్య మన దేశంలో కొండముచ్చులను గమనించిన ఫిలిస్ జేకి కనిపించినవి చాలావరకు నెమ్మదిగా బతికే మందలు. 1961-63లో యుకిమారు సుగియామా అనే జపాన్ పరిశోధకుడు కర్ణాటకలోని ధార్వాడ్ దగ్గర మరో దృశ్యం చూశాడు. చాలా మందల్లో పెద్ద గండు ఒక్కటే. మందల బయట మగవాటి జట్లు. అలాంటి జట్టొకటి దాడి చేసి పాత గండును గెంటేసినప్పుడు, దానితోపాటు మందలోని కుర్ర మగవీ బయటపడ్డాయి, చంటిపిల్లలు చచ్చిపోయాయి. జోధ్‌పూర్‌లో ఎస్.ఎం. మోహ్నోత్, అబూ కొండ దగ్గర సారా హర్డీ ఇలాంటివే నమోదు చేశారు. హర్డీ పుస్తకం 1977లో వచ్చాక లోకమంతా పిల్లల చావుల మీదే వాదించుకుంది. ఇల్లు వదిలిన కుర్రవాటి గతి వెనకబడింది. ఆ లోటును జోధ్‌పూర్‌లోనే రాజ్‌పురోహిత్, వోల్కర్ సోమర్‌ల పరిశీలన కొంత తీర్చింది. మొత్తం మీద తేలింది ఇదీ: ఆడది పుట్టిన మందలోనే తల్లి, అక్కచెల్లెళ్ల మధ్య ముసలిదవుతుంది, మగది ఈడు రాకముందే చాలాసార్లు మగజట్టులో కలుస్తుంది. మన మాటల్లో, మంద ఆడవాళ్ల పుట్టిల్లు. అక్కడికి వచ్చిన ప్రతి గండూ ఇల్లరికపు అల్లుడే.

గెంటివేత కళ్లారా చూశారు కదా, వెళ్లగొట్టిందనడంలో తప్పేముందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ధార్వాడ్, జోధ్‌పూర్‌లలో బలవంతం ఉన్నమాట నిజం. కానీ నేపాల్‌లోని రామ్‌నగర్ మందల్లో పెద్ద మగవి అనేకం కలిసే ఉంటాయి. ఒక్క గండు ఏలుబడి లేని అక్కడ కూడా మగవి పుట్టిన మందను విడిచి వెళ్తాయి. తరిమేవాడు ఉన్నా లేకున్నా ప్రయాణం ఆగనప్పుడు, తరమడం ఆ ప్రయాణానికి ఒక సందర్భమే గాని మూలం కాదు. అయితే మూలం రక్తసంబంధులతో జత తప్పించుకోవడమేనా? అంత తేలిగ్గా ఒప్పుకోలేం. ఆ ఒక్క కారణంతోనే వలసనంతా వివరించలేమని జిమ్ మూర్, రవూఫ్ అలీ అనే పరిశోధకులు 1984లోనే గట్టిగా వాదించారు. ఆడతోడు కోసం మగవాటి మధ్య పోటీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆడవీ ఒక్కోసారి మంద మారతాయి గాని అది అరుదు. కారణాల మీద తగవు తీరకపోవచ్చు. ఇల్లు వదలడం మగకొండముచ్చు బతుకులో మామూలు ఘట్టమన్నది మాత్రం నిలిచింది.

ఈ తేడా మాటల దగ్గర ఆగిపోదు. తప్పిపోయిందనుకుంటే జాలిపడి అరటిపండ్లు వేసి మచ్చిక చేస్తాం. వెలి పడిందనుకుంటే రాళ్లు విసురుతాం, లేదా మెడకు తాడు కట్టి కోతులను తరిమే కాపలాకు పెడతాం. ఆ కాపలా ఆచారం తెలుగు ఊళ్లలో చాలాచోట్ల ఉంది, కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొండముచ్చును పట్టి కట్టేయడం నేరం. తాడు కట్టినది కుర్ర గండైతే, మరో మందను వెతుక్కోవలసిన వయసంతా ఆ తాడు చివరే గడిచిపోతుంది. కాబట్టి కోనసీమ రైతులకు నా మనవి: కొబ్బరితోటలో ఒంటి కొండముచ్చు దిగితే తిండి పెట్టకండి, కట్టేయకండి, కుక్కలను ఉసిగొల్పకండి. అటవీశాఖకు కబురు చేసి, దాని దారి దానికి వదలండి.