కింద మల్గె, పైన కాపురం

మొన్న దసరాకు బోథ్ వెళ్తే భోజనాల దగ్గర పెద్దబాపు మాట తీశాడు. "ఇల్లు కూలగొడుదాంరా. రోడ్డు మీదికి నాలుగు షట్టర్లు పడ్తయ్. ఉంచుకొని ఏం జేస్తం? నువ్వొచ్చి ఉంటవా?"

ఉండనని ఇద్దరికీ తెలుసు. బజారు వీధిలో పాత ఇల్లు అది. ముందు దుకాణం, వెనక కాపురం, టేకు దూలాలు, పైన గూన. తాత పోయాక ఆరేళ్లుగా తాళం వేసే ఉంది. జవాబు చెప్పకుండానే హైదరాబాద్ బస్సెక్కాను.

తర్వాత ఒక ఆదివారం పత్తర్‌గట్టికి వెళ్లాను. అక్కడ అందరం కింద దుకాణాలే చూస్తాం. ఆరోజు తలెత్తి చూశాను. రాతి కమానుల మీద వరసగా కిటికీలు. చాలావాటికి తలుపులు మూసి ఉన్నాయి, కొన్నిటి వెనక అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ పై అంతస్తులు గోడౌన్ల కోసం కట్టినవి కావు. మనుషులు ఉండటానికి కట్టినవి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచేసింది. చనిపోయినవాళ్లు దాదాపు 15,000 మంది అంటారు. మూడేళ్లకు ప్లేగు వచ్చింది. ఇరుకు గల్లీలు, గాలి ఆడని ఇళ్లు, మురుగు: రోగానికి కారణం ఇవేనని తేల్చి, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. బోర్డు పాత బస్తీలు పడగొట్టి రోడ్లు వెడల్పు చేసింది, వేరేచోట్ల కొత్త ఇళ్ల కాలనీలు వేసింది. పత్తర్‌గట్టి ఆ బోర్డు కట్టించినదే. కింద మల్గెలు, పైన నివాసాలు. ఆ పక్కనే 1947లో లేచిన మదీనా బిల్డింగుదీ అదే పద్ధతి. అది వక్ఫ్ ఆస్తి. హైదరాబాదీలు కట్టిన కిరాయి అప్పట్లో అరేబియాలోని మదీనా వాసులకు వెళ్లేది. ఇప్పుడు వింటే నమ్మబుద్ధి కాదు.

అంటే 'మిక్స్‌డ్ యూజ్' అని ఇవాళ రియల్ ఎస్టేట్ బ్రోషర్లు అమ్ముతున్నది మనకు కొత్తేం కాదు. బోథ్‌లో తాతకు దుకాణం వెనక ఉండేది, పత్తర్‌గట్టిలో దుకాణం మీద ఉండేది. తేడా అంతే.

మరి ఖాళీ భవనాలను మళ్లీ ఇళ్లుగా ఎందుకు మార్చుకోలేకపోతున్నాం? మార్చడం మనకు చేతకాక కాదు. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ 1949లో మహిళా కళాశాల అయింది. వనపర్తి రాజుల ప్యాలెస్ పాలిటెక్నిక్ అయింది. ఫలక్‌నుమా 2010లో హోటల్ అయింది. కాలేజీ, ఆఫీసు, హోటల్. ఇల్లు మాత్రం ఈ జాబితాలో కనపడదు. కాలేజీకి యజమాని ఒకడే. ఇంటికి అలా కాదు. వారసులు పదిమంది, సంతకాలు పది. ప్రతి వాటాకూ వంటిల్లు, బాత్రూం, డ్రైనేజీ పైపు కావాలి. మంటలొస్తే దిగడానికి రెండో దారి కావాలి. కారు పెట్టడానికి జాగా లేదంటే మధ్యతరగతి అటు రాదు.

లాస్ ఏంజెలెస్ ఈ ముడిని 1999లో కొంత విప్పింది. నగరం నడిబొడ్డున ఖాళీగా పడున్న పాత బ్యాంకు, ఆఫీసు భవనాలను ఇళ్లుగా మార్చేవాళ్లకు కొత్త పార్కింగ్ కట్టే షరతు ఎత్తేసి, అనుమతులు సులువు చేసింది. వేల ఇళ్లు వచ్చాయి. కానీ వాటి పక్కనే స్కిడ్ రోలో పేదలు ఇంకా పేవ్‌మెంట్ల మీదే పడుకుంటున్నారు. భవనం బతికినంత మాత్రాన అందులోకి ఎవరు వస్తారన్నది తేలిపోదు. మన బోర్డు కథలోనూ ఇదే ఉంది. పత్తర్‌గట్టి అందాన్ని మెచ్చుకుంటున్నప్పుడు, రోడ్డు కోసం కూలిన ఇళ్లలో ఉన్నవాళ్లు ఎటుపోయారని నేనూ చాన్నాళ్లు అడగలేదు.

మన దగ్గర చట్టం చర్చంతా కూల్చాలా, వద్దా అన్న దగ్గరే ఆగిపోతుంది. హైదరాబాద్ వారసత్వ భవనాలకు రక్షణగా ఉన్న 13వ నిబంధనను 2015లో తీసేశారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం తెచ్చారు. 2019లో ఎర్రమంజిల్ కూల్చివేతను హైకోర్టు ఆపింది. ఆపడం అవసరమే. ఆపాక అందులో పొద్దున పొయ్యి ఎవరు వెలిగిస్తారన్నది ఎవరూ అడగరు. మనిషి లేని కప్పు నాలుగు వానలకు దిగిపోతుంది. దానికి కోర్టు స్టే పనిచేయదు.

పోయిన వారం పెద్దబాపుకి ఫోన్ చేశాను. ముందు భాగం దుకాణానికే ఇద్దాం, వెనక అర్రలు రెండు వాటాలు చేసి, బదిలీ మీద వచ్చే టీచర్లకో నర్సులకో కిరాయికిద్దాం అన్నాను. షట్టర్ల కంటే తక్కువే వస్తుందని లెక్క కూడా దాచకుండా చెప్పాను. ఆ తేడా నా వాటాలోంచి పట్టుకొమ్మన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"సరే గని, గూన తిరగెయ్యాలె. మనుషులు దొరుకుతలేరు. నువ్వే వచ్చి మాట్లాడు" అన్నాడు.

వానాకాలం లోపు వెళ్లాలి.