సందె చీకట్లో తడుముకునే పిల్లలు

సందెవేళ పిల్ల పీట తట్టుకుని పడితే ‘చూసి నడవవే’ అని కసిరేవాళ్ళం. అది రేచీకటని, ముదిరితే కళ్ళే పోతాయని ఎందరు తల్లులకు తెలుసు?

1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకని ఒక్క గదిలో మొదలైన సర్కారు సంస్థ 1958లో హైదరాబాదుకొచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. డాక్టర్ గోపాలన్ గారి హయాంలో అక్కడివారు పల్లె పిల్లలకు విటమిన్ ‘ఎ’ పెద్ద మోతాదులో పట్టి చూశారు. అది కాలేయంలో నిలవుండి నెలల తరబడి కళ్ళను కాపాడుతుందని తేలింది. అప్పుడే 1970లో కేంద్ర ప్రభుత్వం అయిదేళ్ళలోపు పిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు పట్టే పథకం పెట్టింది.

మందు సర్కారు ఇచ్చింది సరే, తోటకూర, మునగాకు వండి పెట్టాల్సింది మనమే కదమ్మా!