ప్లగ్గు రంగు చూసి చెప్పిన కాలం

స్పార్క్ ప్లగ్గు ఎప్పుడు మార్చాలని ఇప్పుడు అడిగితే కారుతో వచ్చిన పుస్తకం చూడమంటారు. మామూలు నికెల్ ప్లగ్గుకి కొన్ని పదుల వేల కిలోమీటర్లు, ఇరిడియం ప్లగ్గుకి లక్ష దాకా గడువు రాసి ఉంటుంది. అంబాసిడర్లు, ఫియట్లు తిరిగిన రోజుల్లో పదివేల మైళ్లకే, అంటే 16 వేల కిలోమీటర్లకే, కొత్తవి వేయడం మామూలు లెక్క. ఆ మధ్యలో విప్పి తుడుచుకోవడం సరేసరి.

అధిక వోల్టేజీ మాగ్నెటోతో పనిచేసే ప్లగ్గును 1902లో జర్మనీలోని బాష్ కంపెనీలో గాట్‌లోబ్ హోనోల్డ్ రూపొందించాడు. 1951లో అదే బాష్ బెంగళూరులో మైకో కంపెనీని పెట్టింది. 2008లో ఆ పేరు పోయి బాష్ అయినా, పాత మెకానిక్‌ల నోట మైకో మాత్రం పోలేదు.

వాళ్ల పరీక్ష కంటితోనే. పానాతో ప్లగ్గు విప్పి కొన చూసేవారు. కాఫీపొడి రంగులో ఉంటే ఇంజిన్ బాగున్నట్టు. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ వెళ్తోంది. జిడ్డుగా నల్లబడితే ఆయిల్ పైకొస్తోంది. తెల్లగా పొక్కిందా, ఇంజిన్ మరీ వేడెక్కుతోందన్నమాట. తర్వాత ఎమ్రీ కాగితంతో రుద్ది, ఫీలర్ గేజ్‌తో సందు సరిచేసి, క్యాప్ తగిలించి ఇంజిన్ ఇనుముకు ఆనించి తిప్పిస్తే నీలి రవ్వ రావాలి. ఎర్రగా, నీరసంగా వస్తే అనుమానమే.

ఇంత చాకిరీకి ప్లగ్గొక్కటే కారణం కాదు. పెట్రోల్లో సీసం కలిసేది, అది కొనమీద పేరుకునేది. దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో. కరెంటు అందించే పాయింట్లూ అరిగేవి. నాటి చేతక్ లాంటి టూ-స్ట్రోక్ స్కూటర్లలో పెట్రోలుతోబాటు ఆయిల్ కూడా కాలేది కాబట్టి, ప్లగ్గు మూసుకుపోవడం రోజువారీ బాధగా ఉండేది. లారీలకు, ట్రాక్టర్లకు ఈ గొడవే లేదు: డీజిల్‌కు స్పార్క్ అక్కర్లేదు.

ప్లగ్గుతో మరో పని వరదల్లో పడుతుంది. తుంగభద్ర ఒడ్డున చేనేత ఊరు రాజోలి. 2009 అక్టోబరు మొదట్లో వరద ఊరిని ముంచెత్తింది, మగ్గాలు నీటిపాలయ్యాయి. అలా వరదలో మునిగిన పెట్రోలు బండిని ఎక్కడైనా సరే వెంటనే కిక్ కొట్టకూడదు. ముందు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మేదాకా ఇంజిన్ తిప్పాలి. బిగించి ఉంచే తిప్పితే, నీరు కుదించుకోదు గనుక, లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అలా విప్పినప్పుడు పింగాణీ బీటలిచ్చి కనిపించిన ప్లగ్గును కిలోమీటర్లు లెక్కపెట్టకుండా పారేయాల్సిందే.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఒక్కో ప్లగ్గు 1,500 సార్లు రవ్వ విసరాలి, గంటకు 90 వేలు. ప్రతి రవ్వకూ లోహం కాస్త అరిగి సందు పెరుగుతుంది. రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ భారం కాయిల్ మీద పడుతుంది. పొద్దున ఇంజిన్ మొరాయించడం, గుట్టెక్కేటప్పుడు మిస్ కొట్టడం, మైలేజీ తగ్గడం అందుకే. ఇరిడియం కొన సన్నం, గట్టి; మెల్లగా అరుగుతుంది. పాత అలవాటుకొద్దీ దానికీ ఎమ్రీ కాగితం పెడితే మాత్రం ఆ సన్నని కొనే పోతుంది.