గీత కిందికి దిగింది

డాక్టరు రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగురుతుంది. ఆ దెబ్బకి తొడ ముందు కండరం కాస్త సాగుతుంది, ఆ సంగతిని కండరంలోని నరాలు వెన్నుపాముకి చేరవేస్తాయి. అక్కడ అవి అదే కండరాన్ని నడిపే మోటార్ న్యూరాన్లను నేరుగా తట్టి లేపుతాయి. మధ్యలో ఇంకో కణం ఉండదని 1943లో డేవిడ్ లాయిడ్ కొలిచి చూపించాడు.

అయితే కాలు లేవాలంటే తొడ వెనక కండరం అడ్డుపడకూడదు. అంటే ఒకే కబురు ఒకచోట ‘కానివ్వు’ అనాలి, ఇంకోచోట ‘ఆగు’ అనాలి. ఈ జంట వ్యవహారాన్ని షెరింగ్టన్ 19వ శతాబ్దం చివర్లోనే గమనించాడు. ‘ఆగు’ అనడం ఎలా జరుగుతుందో మాత్రం తేలలేదు.

షెరింగ్టన్ శిష్యుడు, ఆస్ట్రేలియావాడు జాన్ ఎకల్స్ దగ్గర జవాబుంది: అంతా కరెంటే. లండన్‌లో హెన్రీ డేల్ బృందం రసాయనాలు అంటుంటే, ఎకల్స్ ఏళ్ల తరబడి వాళ్లతో తగువాడాడు. మిగతాచోట్ల కొంత తగ్గినా, వెన్నుపాము దగ్గర పట్టు వదల్లేదు. 1944లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌కి వచ్చాక తత్వవేత్త కార్ల్ పాపర్‌తో పరిచయమైంది. సిద్ధాంతం తప్పయితే తప్పని తేలిపోయేంత పదునుగా చెప్పు, అదీ పాపర్ సలహా. ఎకల్స్ అలాగే చేశాడు. ‘ఆగు’ కూడా కరెంటు పనేనన్న తన ఊహని 1947లో ప్రచురించాడు.

1951 ఆగస్టులో ఎకల్స్, లారెన్స్ బ్రాక్, జాక్ కూంబ్స్ కలిసి, మైక్రాన్ కంటే సన్నని మొన ఉన్న గాజు గొట్టాన్ని మత్తిచ్చిన పిల్లి వెన్నుపాములో ఒక మోటార్ న్యూరాన్ లోపలికి దించారు. కణం లోపల వోల్టేజి సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. ముందు కండరం నరాన్ని ప్రేరేపించి, వెనక కండరం న్యూరాన్‌లో ఏం జరుగుతుందో చూశారు. ఎకల్స్ ఊహ నిజమైతే తెర మీద గీత పైకి లేవాలి. అది కిందికి దిగింది. మైనస్ ఇంకాస్త మైనస్ అయింది. కరెంటు వాదం ఆ దిశను వివరించలేదు, రసాయనం వివరించగలదు.

ఇక్కడ నా కన్ను కూంబ్స్ మీద పడుతుంది, సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టేమో. ఎలక్ట్రానిక్ పరికరాలు ఆయన తయారుచేసినవే. మెషీన్ అంతంతమాత్రమైతే, ఏదో నాయిస్‌లే అని ఎకల్స్ తప్పించుకునేవాడు. మేమూ లాగ్‌లో నచ్చని లైను కనిపిస్తే ముందు లాగింగ్‌నే అనుమానిస్తాం. మంచి పరికరం చేసే మేలు అదే, సాకు మిగల్చదు.

1952లో ముగ్గురూ ఫలితాన్ని ప్రచురించారు. తన సిద్ధాంతం తప్పని తేలిందని ఎకల్స్ అందులోనే రాశాడు, పాపర్ వాడే మాటతోనే. తర్వాత ఆ ‘ఆగు’ నేరుగా రాదనీ, మధ్యలో ఇంకో చిన్న న్యూరాన్ ఉందనీ కూడా ఆయన బృందమే తేల్చింది. 1963లో నోబెల్ వచ్చింది. తమాషా ఏమిటంటే, 1950ల చివర్లో క్రేఫిష్‌లో నిజంగానే కరెంటుతో నడిచే సినాప్సు దొరికింది. ఆ వాదం పూర్తిగా చావలేదు, ఆ చోటికి మాత్రం సరిపోలేదు.

కవిత్వం మీద, కథ మీద మనం రోజూ వాదించుకుంటాం. ఏం చూపిస్తే నువ్వు మనసు మార్చుకుంటావు అని ఎదుటివాణ్ణి అడగడం తేలికే. ఎకల్స్ ఆ ప్రశ్న ముందు తననే అడుక్కున్నాడు, జవాబు అచ్చులో పెట్టాడు, నాలుగేళ్ల తర్వాత దానికి కట్టుబడ్డాడు.