జమలో మా పద్దు

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా వైపు లోకల్ రైలెక్కితే సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ దాటాక ఒక చిన్న స్టేషనొస్తుంది. పేరు జామియా ఉస్మానియా. ఎక్కి దిగేవాళ్ళకి అది పేరే. మాకు చరిత్ర. అరబ్బీలో జామియా అంటే విశ్వవిద్యాలయం. అందర్నీ ఒకచోట కూర్చేది అని అర్థం. మా జమాత్ ఆ మాటకి చుట్టమే. తెలుగు రైతు రాసుకునే జమాఖర్చుల్లోని జమ కూడా చుట్టమే. ఆ రైతు అనే మాటా అరబ్బీ నుంచి వచ్చిందే.

1917లో ఏడో నిజాం ఫర్మానా ఇచ్చాడు. 1918లో యూనివర్సిటీ ఏర్పడింది. పాఠ్యపుస్తకాల కోసం దారుల్ తర్జుమా పెట్టి మౌల్వీ అబ్దుల్ హఖ్‌కి అప్పగించారు. బ్రిటిష్ ఇండియాలో పై చదువులన్నీ ఇంగ్లీషులో సాగుతున్న రోజుల్లో ఇక్కడ సైన్సూ, న్యాయశాస్త్రమూ, వైద్యమూ ఉర్దూలో చెప్పారు. ఇంగ్లీషుని వదల్లేదు, ఒక భాషగా తప్పనిసరి చేశారు. తెలుగు చెప్పడానికి రాయప్రోలు సుబ్బారావు వచ్చారు.

ఇందులో అన్యాయం లేదా? ఉంది. రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువాళ్ళ పిల్లలు తమది కాని భాషలో చదవాల్సొచ్చింది. దాన్ని మేం దాచుకోం. కానీ ఆ నిర్ణయం దర్బారుది. రిక్షా తొక్కిన, బట్టలు కుట్టిన మా తాతలది కాదు. వాళ్ళలో ఎంతమంది ఆ ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కారు? దర్బారు లెక్కని మా పద్దులో ఎందుకు రాస్తారు?

నిజాంని ఎదిరించి జైలుకెళ్ళిన దాశరథే తర్వాత గాలిబ్‌ని తెలుగు చేశాడు. ఉర్దూ మీడియంలో చదివిన సినారె అదే యూనివర్సిటీలో తెలుగు చెప్పాడు. రాజు మీది కోపాన్ని వాళ్ళు భాష మీద చూపించలేదు.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తర్వాత ఉర్దూ మీడియం పోయింది. దాని చోటులోకి వచ్చింది తెలుగు కాదు, ఇంగ్లీషు. 1806 నుంచీ సికింద్రాబాద్ కంటోన్మెంటులో దొరలు మాట్లాడిన భాష. తెలుగు పిల్లాడూ ఉర్దూ పిల్లాడూ ఒకే గడప బయట నిలబడ్డారు. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పుట్టింది. 1972లో విదేశీ భాషల్నీ కలుపుకుంది. 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఉస్మానియాకి ఆనుకునే ఉంది.

అక్కడ జర్మన్ నేర్చుకునేవాణ్ణి నీ మతమేంటని ఎవరూ అడగరు. తెలుగు చదివినందుకు మమ్మల్ని అడిగారు. మొదటి ఉద్యోగానికి ఓ పత్రికాఫీసుకి వెళ్తే, "సాయిబులు కదా, ఇంత తెలుగెట్లొచ్చింది?" అన్నారు. మెచ్చుకోలే. కానీ పుట్టిన ఊళ్ళో మమ్మల్ని అతిథుల్ని చేసిన మెచ్చుకోలు. ఇంటికొస్తే ఫూఫీ ఇంకో వైపు నుంచి పట్టుకుంది: "ఉర్దూ ఛోడ్ దియే క్యా బేటా?"

వదల్లేదు ఫూఫీ. రెండూ మావే.

1998లో హైదరాబాద్‌కి మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాషయింది. సంతోషమే. అయితే బోర్డు మీద రెండు లిపులున్నంత మాత్రాన మనుషులు కలవరు. ఉర్దూ చదివే రెడ్డిగారబ్బాయీ, తెలుగు చదివే మా అమ్మాయీ ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేని రోజున జామియా తన అర్థానికి చేరుతుంది. అందాకా ఆ స్టేషన్లో దిగినప్పుడల్లా మేం అడుగుతూనే ఉంటాం: ఈ జమలో మా పద్దు ఎక్కడ?