నెమ్మదిగా సాగిన చెవి తమ్మెలు

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు చెవి ఆభరణాలున్నాయి. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దానివి. బహుశా ఆంధ్రదేశంలో చేసినవే. తీగ నుంచి రెండువైపులా విచ్చుకున్న మొగ్గల్లాంటి భాగాలు, వాటి మీద రెక్కల సింహమూ ఏనుగూ, చుట్టూ సన్నటి బంగారు గుండ్ల పని. అచ్చం ఇలాంటివే జగ్గయ్యపేటలో దొరికిన చక్రవర్తి శిల్పం చెవులకు కనిపిస్తాయి. ఇవి దిద్దుల్లా సూది బెజ్జంలో ఇమిడేవి కావు. వీటిని పెట్టుకోవాలంటే చెవి తమ్మె బాగా సాగి ఉండాలి, ఆ బరువుకు భుజాల దాకా వాలాలి. బుద్ధుడి విగ్రహాల్లో కనిపించే పొడవాటి ఖాళీ చెవులకు మూలం కూడా ఇదే. రాకుమారుడిగా మోసిన నగలు తీసేశాడు. సాగిన తమ్మెలు మాత్రం అలాగే మిగిలాయి.

తమ్మెలు సాగదీసుకోవడం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన ఓట్జీ అనే మనిషి దాదాపు 5,300 ఏళ్ల కిందటివాడు. అతని తమ్మెల్లోనే 7 నుంచి 11 మిల్లీమీటర్ల బెజ్జాలు ఉన్నాయి. టుటాంఖమెన్ బంగారు ముసుగుకు చెవులు కుట్టి ఉన్నాయి. దక్షిణ అమెరికాలో ఇంకా సామ్రాజ్యపు ప్రభువుల పెద్ద చెవి బిళ్లలు చూసి స్పెయిన్ వాళ్లు వారికి ‘పెద్దచెవుల వాళ్లు’ అని పేరే పెట్టారు. బోర్నియోలో కయాన్, కెన్యా తెగల స్త్రీలు, తూర్పు ఆఫ్రికాలో మసాయిలు నిన్నమొన్నటి దాకా ఈ ఆచారాన్ని నిలుపుకున్నారు.

ఇన్ని చోట్ల ఉన్న ఈ పనిని ఎలా చేయాలో, తేడా వస్తే ఏం చేయాలో పూసగుచ్చినట్టు రాసిపెట్టినది మాత్రం మన సుశ్రుత సంహిత. సూత్రస్థానం పదహారో అధ్యాయంలో ఎక్కువ భాగం చెవి గురించే. బిడ్డకు ఆరో నెలలోనో ఏడో నెలలోనో చెవులు కుట్టాలి. మగపిల్లవాడికి ముందు కుడి చెవి, ఆడపిల్లకు ఎడమ చెవి. తమ్మెను వెలుగుకేసి పట్టి, ఎండ పడి పారదర్శకంగా కనిపించే చోట గుచ్చాలి. తమ్మె పల్చగా ఉంటే సూది, మందంగా ఉంటే ఆర అనే లావు పనిముట్టు. తర్వాత దూది వత్తి దూర్చి నూనెతో తడపాలి. మూడేసి రోజులకోసారి వత్తి మార్చి, అంతకంటే కాస్త లావుది పెట్టాలి.

ఇక్కడిదాకా చాలామందికి తెలిసిందే. నన్ను ఆకట్టుకునేది ఆ తర్వాతి భాగం. వాపూ నొప్పీ వస్తే అందుకు కారణాలు ఏమిటో ఆ గ్రంథం చెబుతుంది. సూది మంచిది కాకపోవడం, చోటు తప్పి గుచ్చడం, వాటితోపాటు వత్తి మరీ బిగుతుగా ఉండడం. అప్పుడు చేయాల్సిన మొదటి పని వత్తి వెంటనే తీసేయడం. అతిమధురం, ఆముదపు వేరు, మంజిష్ఠ, యవలు, నువ్వులు నూరి తేనె, నెయ్యి కలిపి పట్టు వేయాలి. పూర్తిగా మానాకే మళ్లీ కుట్టాలి. చెవిని సాగదీయడానికి కూడా షరతులున్నాయి. పుండు మానాలి, నొప్పి ఉండకూడదు, తమ్మె సమంగా గట్టిగా ఉండాలి. అప్పుడు కూడా నెమ్మదిగానే. ఇవాళ ఒక మంచి పియర్సింగ్ నిపుణుణ్ని అడిగినా ఇంతకు మించి చెప్పడు.

ఆ తర్వాత మన దక్షిణాది వాడుకలో రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి బెజ్జాన్ని లోపలినుంచి కొద్దికొద్దిగా విప్పడం. చుట్టిన తాటాకు ముక్కను చెవిలో పెడితే అది తన స్వభావం కొద్దీ విచ్చుకుంటూ నాలుగు వైపులా సమంగా నొక్కుతుంది. రెండోది బరువు వేలాడదీయడం. మదురై, తిరునల్వేలి ప్రాంతాల్లో పాంబడం, తండట్టి అనే చెవి నగలు ధరించే స్త్రీలకు చిన్నప్పుడే చెవి కుట్టి, సీసపు ఉంగరాలు ఒక్కొక్కటిగా చేర్చి తమ్మెను కిందికి లాగేవారు. బరువు కిందికే లాగుతుంది కాబట్టి తమ్మె అడుగుభాగం దారంలా పల్చబడుతుంది. అది ఎప్పుడో ఒకప్పుడు తెగవచ్చు. మన ఇళ్లలో సాగదీయాలన్న ఉద్దేశమే లేకపోయినా బరువైన బుట్టకమ్మలు, జూకాలు ఏళ్ల తరబడి ఇదే పని చేశాయి. జుట్టులోకి తగిలించే మాటీలను సింగారంగానే చూస్తాం కానీ, అవి చెవి మీది బరువును తలకు పంచుతాయి. ఆ ఏర్పాటు చేసినవాళ్లకు తమ్మె బాధ తెలుసు. ఇరవయ్యో శతాబ్దంలో తమిళ పల్లెల్లో కొత్త తరం ఆడపిల్లలు పాంబడం వదిలేశారు. పెద్ద బెజ్జాలున్న చాలామంది వాటిని కుట్టించేసుకున్నారు.

సరిగ్గా మనవాళ్లు వదిలేస్తున్న కాలంలోనే పాశ్చాత్య దేశాల యువత దీన్ని అందుకుంది. అమెరికాలో 1970లు, 80లలో శరీరాలంకరణ ఉద్యమం పుట్టింది. 1989లో వచ్చిన ‘మోడర్న్ ప్రిమిటివ్స్’ పుస్తకం దాన్ని నలుగురి నోట్లో పడేసింది. 1994లో పియర్సింగ్ వృత్తివాళ్లు అక్కడ సొంత సంఘం పెట్టుకుని పరిశుభ్రత మీద, లోహాల మీద ప్రమాణాలు ప్రచారం చేశారు. కొలతలకు వాళ్లు తీగల గేజి లెక్క వాడతారు. ఇక్కడే తెలియనివాళ్లు దెబ్బతింటారు. 14 గేజి నుంచి 12కి పోతే పెరిగేది 0.4 మిల్లీమీటర్లు. అదే 2 నుంచి 0కి పోతే దాదాపు 1.7. అంకెల్లో రెండూ ఒక్క మెట్టే, తమ్మెకు మాత్రం రెండోది నాలుగింతల భారం. అందుకే పెద్ద కొలతల దగ్గర గేజి వదిలి మిల్లీమీటర్లలో చూడాలి. ఒక్కో విడతలో ఒక మిల్లీమీటరుకు మించకూడదు, వీలైతే అర మిల్లీమీటరే మేలు.

బలవంతంగా దూరిస్తే చర్మం చిట్లుతుంది. చిట్లిన చోట గట్టిబడిన మచ్చ మళ్లీ అంత తేలిగ్గా సాగదు. ఒక్కోసారి బెజ్జం లోపలి చర్మమే వెనక్కి తన్నుకొచ్చి ఉంగరంలా నిలబడుతుంది. అలా కనిపిస్తే వెంటనే కిందటి సైజుకు దిగాలి. మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం నెల, రెండు నెలలు. పెద్ద సైజుల్లో ఇంకా ఎక్కువ. వేడినీళ్ల స్నానం తర్వాత, కాస్త నూనెతో, ప్రయాస లేకుండా జారితేనే తమ్మె సిద్ధమైనట్టు. టేపర్ అనే మొనదేలిన కడ్డీ దారి చూపడానికే. దాన్నే నగలా తగిలించుకుని తిరిగితే బరువు ఒకవైపుకే పడుతుంది.

కొత్తగా సాగిన బెజ్జంలో ఇంప్లాంట్ రకం టైటానియమో, గాజో ఉండాలి. రెండు వైపులా అంచులున్న ప్లగ్గు (బెజ్జంలో దూర్చే నగ) వద్దు. కర్ర, కొమ్ము, అక్రిలిక్, సిలికాన్ పూర్తిగా మానాకే. రోజుకు ఒకటి రెండుసార్లు 0.9 శాతం ఉప్పునీటితో తుడిస్తే చాలు. పసుపు ముద్దలు, డెట్టాల్, స్పిరిట్ పుండును ఇంకా మండిస్తాయి. మానిన తర్వాత ప్లగ్గు తీసి, సబ్బుతో కడిగి, నూనెతో తమ్మెను కొన్ని నిమిషాలు మర్దన చేయడం అలవాటు చేసుకోవాలి. రాలిన చర్మం, నూనె పేరుకోవడం వల్లే వాసన వస్తుంది. గాయాలకు కెలాయిడ్ గడ్డలు లేచే శరీరమైతే ఈ జోలికి పోకపోవడమే మంచిది.

ఎంత సాగినా తీసేస్తే మూసుకుపోతుందని కొందరు నమ్ముతారు. 8, 10 మిల్లీమీటర్ల దగ్గర్నుంచి ఆ ఆశ సన్నగిల్లుతుంది. మనిషిని బట్టి అంతకంటే ముందే కావచ్చు. అప్పుడిక మిగిలే దారి శస్త్రచికిత్సే. తెగిన తమ్మెను అతికే పద్ధతులు సుశ్రుతుడు పదిహేను చెప్పాడు. అందులో ఒకటి చెంప మాంసాన్ని తీసి చెవికి చేర్చడం. ఈనాటి సర్జన్‌కు సాధారణంగా అంత అవసరం రాదు. మత్తు సూది వేసి, బెజ్జం అంచుల్ని పచ్చి చేసి కుట్టేస్తాడు. మళ్లీ కమ్మలు పెట్టుకోవాలనుకుంటే కొన్ని నెలలు ఆగి, కుట్టిన గీత మీద కాకుండా పక్కన గుచ్చించుకోవాలి.