ధాత కరువులో కాలువ పని

1877. ధాత కరువు రోజులు. ఒంగోలు చుట్టుపక్కల చెరువులు నెర్రెలిచ్చాయి. పశువులు డొక్కలెండి కూలిపోతున్నాయి. మోట బొక్కెనలు, చెప్పులు కుట్టి బతికే మాదిగలను పిలిచి పని చెప్పేవాళ్లే లేరు. బావిలో చుక్క నీరు లేనప్పుడు రైతుకు మోటతో పనేముంది? ఆకులూ దుంపలూ ఉడకేసుకు తింటూ జనం ఊళ్లు వదిలి నడుస్తున్నారు.

ఒంగోలులో అప్పటికి పదేళ్లకు పైగా ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. కరువు పనుల కింద సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. పనికి వెళ్లిన మాదిగలకు అక్కడ కులం పేరుతో తిట్లు, కూలిలో కోతలు. క్లౌ దొర కుర్రతనంలో మిన్నెసోటాలో భూముల సర్వే చేసినవాడు. కొలతలు తెలుసు, మట్టిపని తెలుసు. మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెల్లో పుట్టినవాళ్లే. ఒక్కొక్కరి కింద వందమంది దాకా కూలీలు.

తెల్లవారేసరికి తాటాకు పాకల్లోంచి జనం కదులుతారు. మగవాళ్లు పలుగు, పార అందుకుంటారు. ఆడవాళ్లు నెత్తిన చుట్టకుదురు పెట్టి తట్ట ఎత్తుకుంటారు. పొద్దెక్కేకొద్దీ కాళ్ల కింద మట్టి కాలుతుంది.

"అయ్యా, రెండ్రోజులైంది మెతుకు నోట్లో పెట్టి. పార లేవట్లేదు."

"గట్టు మీద కూర్చో తాతా. ముందు ఈ గంజి తాగు. పని ఎక్కడికీ పోదు."

ఆ గట్టు మీద ఇలాంటి మాటలు ఎన్ని నడిచి ఉంటాయో! తిట్టే మేస్త్రీని తప్ప మరొకణ్ని ఎరగని మనిషికి తన పల్లె మనిషే మేస్త్రీగా ఎదురయ్యాడు. సాయంత్రం గుంట కొలిచి, ఎవరి కూలి వాళ్ల చేతిలో పెట్టేవాడు. పొయ్యిల దగ్గర నడుం వాల్చినవాళ్లకు ఆ బోధకుడే క్రీస్తు కథ చెప్పేవాడు. బరువు మోసి అలసినవాళ్లను దగ్గరికి రమ్మనే దేవుడి మాట, రోజంతా తట్ట మోసినవాళ్లకు నేరుగా గుండెకు తగిలింది.

కలరా సోకింది. రాత్రి పక్కన పడుకున్న మనిషి తెల్లారి లేచేవాడు కాదు. ఆ చావుల మధ్యే తవ్వకం సాగింది.

బాప్తిస్మం ఇవ్వమని జనం అడగడం మొదలుపెట్టారు. ఏ మిషనరీ అయినా కోరుకునేది అదే. క్లౌ ఒప్పుకోలేదు. బియ్యం కోసం వచ్చారో, నమ్మి వచ్చారో తేలనిదే ఇవ్వనన్నాడు. ఏడాదికి పైగా ఆ మాట మీదే నిలబడ్డాడు. 1878 నడివేసవి దాటాక, సాయం సొమ్ము అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు, వెళ్లిపొమ్మన్నాడు. సాయం అడగడానికి రాలేదని చెప్పి వాళ్లు కదల్లేదు. అప్పుడు క్లౌ ఒప్పుకున్నాడు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. విడతకు ఇద్దరు చొప్పున, వంతులు మారుతూ నీళ్లలో నిలబడ్డారు.

మత మార్పిడి మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ పేదల మధ్య సేవకు పరాయి దేశం వెళ్లేవాళ్లు ఈ కాలువగట్టు సంగతి తెలుసుకుని తీరాలి. ఆకలితో ఉన్నవాడికి తిండి పెట్టడం గొప్పే. అంతకంటే గొప్పది, అతను కష్టపడి సంపాదించుకునే దారి చూపడం, అజమాయిషీ అతని వాళ్లకే అప్పగించడం. అన్నిటికంటే కష్టమైనది, అన్నం పెట్టే చెయ్యి, దానికి బదులుగా ఏమీ కోరకుండా ఆగడం. క్లౌ ఏడాదికి పైగా అలా ఆగాడు. అందుకే ఆ జనం తమకు తాముగా నిర్ణయించుకోగలిగారు.